సోమక్క రాయని పేరు

సోమక్క మీద నాకు కోపం. ఇప్పటికీ ఉంది. అందులో సగం నా మీద నాకున్న కోపమేనని తెలుసు. అయినా ఆ సగాన్నీ ఆమె మీదికే నెట్టేస్తుంటాను.

కోయిలకుంట్ల పక్కన ఒక చిన్న సర్కారు ఆసుపత్రిలో నేను నర్సును. సోమక్క మా పక్క ఊరి ఆశా కార్యకర్త. యాభై దాటిన మనిషి. వాన పడితే నల్లరేగడిలో చెప్పులు చేతపట్టుకుని, చీర మోకాళ్ల దాకా ఎగదోపుకుని నడిచి వచ్చేస్తుంది. ఊళ్లో గర్భిణుల పేర్లు రాసుకోవడం, సూదులు వేయించడం, కాన్పుకు మా దగ్గరికి తీసుకురావడం ఆమె పని. మొదటి మూడు నెలల్లోనే పేరు రాయాలని పైనుంచి చెప్తారు. సోమక్క మాత్రం ఐదో నెల దాకా రాసేది కాదు.

దానికో కారణముంది. సోమక్క కొత్తగా పనిలో చేరినప్పుడు, ఆ ఊరి మల్లక్క కోడలి పేరును రెండో నెలలోనే రాసింది. వారం తిరక్కముందే ఆ పిల్లకు గర్భం పోయింది. మల్లక్క నడివీధిలో నిలబడి, "నీ చెయ్యి మంచిది కాదుమ్మే! రాసి నా ఇంటి దీపం ఆర్పితివి గదే!" అని దుమ్మెత్తి పోసింది. ఊరంతా ఆ మాటే పట్టుకుంది. అప్పటి నుంచి సోమక్కకు తన చెయ్యంటే తనకే భయం. కడుపు కనపడి, అత్తగారు "ఇంక రాసుకో" అంటేనే పెన్ను తీసేది. నేను మందలిస్తే, "దిష్టి తగుల్తాది సిస్టర్, మీకు తెల్దు" అనేది. నేనూ ఊరుకునేదాన్ని. నెలాఖరుకు లిస్టు చేతికొస్తే చాలు నాకు.

ఆ ఐదు నెలల సందు ఊళ్లో ఎవరికి పనికొస్తోందో మేమిద్దరం ఆలోచించలేదు.

యామిని ఆ ఊరి నాగలక్ష్మమ్మ కోడలు. ముప్ఫై ఎకరాల ఇల్లు, వాకిట్లో రెండు కార్లు. యామినికి నాలుగేళ్ల కూతురుంది. ఆ తర్వాత ఒకసారి నెల తప్పితే, కారులో ఎక్కడికో తీసుకుపోయి, దొంగచాటుగా స్కానింగ్ చేయించి, ఆడపిల్ల అని తెలిశాక తీయించేశారు. ఆ సంగతి ఏ కాగితంలోనూ లేదు. కిందటేడు శ్రావణంలో మళ్లీ నెల తప్పింది. ఈసారి యామిని తనంతట తానే సోమక్క ఇంటికి వచ్చింది. పాల కోసం వచ్చినట్టు చేతిలో చెంబు పట్టుకుంది.

"అక్కా, నా పేరు రాయి. ఈపొద్దే రాయి."

"ఇంకా మూడు నెల్లు గూడా నిండల్యా గదమ్మా. ఏం తొందర?"

"రాసింటే, రేపు ఆ కడుపు యాడికి పోయిందని మీరు అడుగుతారు. ఆ భయానికన్నా మా అత్త ఊరుకుంటాది. రాయకపోతే పోయిన తూరి మాదిరే కారెక్కిస్తారు. నేనొద్దంటే ఇనేవాళ్లు ఎవురూ ల్యారు ఆ ఇంట్లో."

సోమక్క రాస్తానంది. పెన్ను మూత కూడా తీసిందట. తీరా రాయబోతే మల్లక్క కోడలు గుర్తొచ్చింది. "నీకు మంచి జరగాల తల్లీ. నా చేత్తో ఇప్పుడే వద్దు. ఐదో నెల రానీ" అని తల నిమిరి పంపించింది. ప్రేమతోనే పంపించింది. అందుకే నాకింకా ఒళ్లు మండుతుంది.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం మా ఆసుపత్రి ముందు కారు ఆగింది. యామినిని ఆమె భర్త భూపేష్ చేతుల మీద ఎత్తుకుని వచ్చాడు. చీరంతా నెత్తురే. నాగలక్ష్మమ్మ నాతో, "నెలసరి ఎక్కువయ్యిండాది సిస్టర్, ఏదన్నా సూదెయ్యండి" అంది. డాక్టరుగారు మీటింగుకు పోయిన రోజది.

యామినిని పడుకోబెట్టిన బల్ల పైన గోడకు రెండు బోర్డులున్నాయి. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం నేరం, చెప్పమనడం నేరం అని ఒకటి. గర్భం తీయాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలి, మొగుడో అత్తో ఒప్పుకుంటే చెల్లదని రెండోది. వాటి మీద దుమ్ము పడితే తుడిచేది నేనే.

యామిని నా చెయ్యి పట్టుకుంది. "ఆడపిల్లంట సిస్టర్... వద్దంటే ఇనకుండా, నోరు పట్టుకొని మాత్రలు మింగిచ్చినారు" అంది. నాకు స్పష్టంగా వినపడింది. సెలైన్ పెట్టాను. అంబులెన్స్ పిలిపించాను. నంద్యాల పెద్దాసుపత్రికి పంపే చీటీలో మాత్రం "అధిక రక్తస్రావం" అని రాసి ఊరుకున్నాను. లిస్టులో లేని గర్భాన్ని నేనెట్లా రాయను అని సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. నాగలక్ష్మమ్మ నా ఎదురుగా నిలబడి నా పెన్ను వైపే చూస్తోంది. నాకు భయమేసింది.

నంద్యాల చేరకముందే యామిని చనిపోయింది. పొద్దుగూకేలోపు దహనం కూడా అయిపోయింది.

సోమక్క ఊరుకోలేదు. పై ఆఫీసుకు పోయి చెప్పింది. ఇద్దరు అధికారులు విచారణకు వచ్చారు.

"కడుపే ల్యా సార్" అంది నాగలక్ష్మమ్మ. "ఉండింటే ఈమె రాసుకోదా? ఈమె పనే అది గదా!"

"నాలుగో నెల సార్. నా ఇంటికొచ్చి చెప్పింది" అంది సోమక్క.

"మరి రాయలేదేం?"

"నా చెయ్యి మంచిది కాదని..."

ఒకాయనకు నవ్వొచ్చింది. ఇంకొకాయన నా చీటీ అడిగాడు. అందులో నేను రాసిందే ఉంది. నోటితోనైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. విచారణ అంతటితో సరి.

ఆరు నెలలు తిరక్కముందే భూపేష్ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. కొత్త కోడలి పేరు లక్ష్మీప్రియ. మొన్న ఆ పిల్లకు వాంతులవుతున్నాయని తెలియగానే సోమక్క పోయి వాళ్ల గడప దగ్గర కూర్చుంది.

"ఐదో నెల్లో రాసుకుందువులే. నీ చెయ్యి సంగతి తెలిసిందే గదా" అంది నాగలక్ష్మమ్మ.

"నా చెయ్యి రాసి ఎవుర్నీ సంపల్యామ్మా. రాయక సంపింది. పిల్లను పిలువు."

నాగలక్ష్మమ్మ పిలవలేదు. సోమక్క లేవలేదు. ఎండ గడప మీదికి వచ్చేదాకా అట్లాగే కూర్చుంది. చివరికి లక్ష్మీప్రియే తలుపు దాకా వచ్చి, తల వంచుకుని, తన నెలసరి తేదీ చెప్పింది. సోమక్క రాసుకుంది. అక్కడి నుంచే నాకు ఫోన్ చేసింది.

"లక్ష్మీప్రియ, రెండో నెల. మీరు గూడా రాసుకోండి సిస్టర్" అంది. ఫోను పెట్టేయబోతూ, "ఈ తూరి మీరు గూడా రాయాల" అంది.

పెన్ను తీసి రాసుకున్నాను.