దిగిపోయిన స్నేహితురాలు

ధర్మవరం నుంచి హిందూపురం కాలేజీకి రోజూ ఆమె, నేను ఒకే రైల్లో పోయేవాళ్లం. పెనుకొండ రాగానే ఆమె కిటికీ ఊచలకు చెంప ఆనించి, కొండను చూస్తూ మాటలు మరిచిపోయేది. పరిశోధనా రచన కోర్సులో ఆమె రాసిన వ్యాసం ఆ కొండ మీది కోట గురించే.

సెమిస్టర్ రాతలన్నీ బైండు చేసిన పోర్ట్‌ఫోలియో ఇవ్వాల్సిన రోజున కొండ మంచులో తేలుతున్నట్టుంది. రైలు ఆగింది.

"అంతా పుస్తకాలు చూసే రాసినా. ఒక్కసారన్నా ఆడికి పోలేదు," అంటూ లేచింది.

"యాడికి పోతాండావు? సాయంత్రంలోగా ఇయ్యకుంటే ఫెయిలే!"

వినిపించుకోకుండా దిగిపోయింది.

లెక్చరర్ గదికి తాళం వేసే వేళకు కాలేజీకి వచ్చింది. చున్నీ నిండా అంటుకున్న ఉత్తరేణి గింజలు. ఆధారాల పేజీలో పుస్తకాల పేర్ల కింద పెన్నుతో "నేను చూసింది" అని చేర్చి, పోర్ట్‌ఫోలియో ఆయన చేతికిచ్చింది.

"ఇదేందమ్మా?" అన్నారాయన.

"పొయ్యొచ్చినా సార్," అంది, ఇంకా కొండ మీదే ఉన్నట్టు నవ్వుతూ.

ఆయన తాళం జేబులో వేసుకుని, గుమ్మంలోనే నిలబడి చదవడం మొదలుపెట్టారు.