రెండు నిమిషాల కోసం నరసాపురం

బక్రీదు ఇంకో పది రోజులుందనగా మా మసీదు కమిటీ నన్ను రాజమండ్రి నుంచి నరసాపురం పంపించింది. వాళ్ళు పంపకపోయినా ఏదో వంక పెట్టుకుని వెళ్ళేవాణ్ణే. మా పాత ఇమాం మౌల్వీ గారు ఇప్పుడు అక్కడ ఉంటున్నారు. ఆయన వెనక నిలబడి పండగ నమాజు చదివి రెండేళ్ళయింది.

ఆయన మా ఊరు విడిచిన కథ చిన్నదే. ఈద్గాలో పండగ నమాజు అవగానే ఇమాం ప్రసంగం చేస్తారు. దాన్ని ఖుత్బా అంటాం. ఆ ఏడు శుభాకాంక్షలకు వచ్చిన ఎమ్మెల్యే గారు, ఖుత్బా అయ్యేసరికి జనం లేచిపోతారని ముందే మైకు అడిగారు. మౌల్వీ గారు ఇవ్వలేదు. గేటు బయట మాట్లాడండి, నేనూ వచ్చి వింటానన్నారు. అన్నట్టే వెళ్ళి ఎండలో నిలబడి విన్నారు కూడా. నెల తిరక్కుండా మా కమిటీకి ఆయన వయసు గుర్తొచ్చింది.

తర్వాత వచ్చిన ఇమాం ఎవరడిగినా మైకు ఇచ్చేస్తాడు. జనం సణుగుడు పడలేక కమిటీ మళ్ళీ పెద్దాయన్నే రమ్మంటోంది. ఎమ్మెల్యే గారికి మాత్రం రెండు నిమిషాలు ఇవ్వాలట. ఆ మాట మోసుకెళ్ళే పని నాది.

పొద్దున్నే ప్యాసింజరు ఎక్కాను. నిడదవోలులో ఇడ్లీలు వేడిగా దొరికాయి. భీమవరంలో సగం పెట్టె ఖాళీ అయింది. పాలకొల్లులో లేసుల సంచీతో ఎక్కినావిడ ఎక్కడికని అడిగితే మౌల్వీ గారి పేరు చెప్పాను.

“మా వీధేనండి. ఇళ్ళ పట్టాలిచ్చిన రోజు ఆయనకి స్టేజీ మీద కుర్చీ వేశారండి. దిగొచ్చి మా పక్కన కూర్చున్నారు” అందావిడ.

పదకొండు దాటాక నరసాపురంలో దిగి, ఆవిడతోనే షేర్ ఆటోలో రేవు దగ్గరి వీధికి చేరాను. మౌల్వీ గారు చిన్న మసీదు పక్కన ఒంటిగదిలో ఉంటున్నారు. బాగా చిక్కిపోయారు. మధ్యాహ్నపు జొహర్ నమాజు చదివించి, స్వయంగా వండిన చేపల పులుసుతో భోజనం పెట్టారు. ఆయన గొంతులో ఖురాను విని ఎంత కాలమైందో! అన్నం తింటున్నా చెవుల్లో అదే మోగుతోంది.

చేతులు కడుక్కున్నాక వచ్చిన పని చెప్పాను.

“రావాలనే ఉంది మాస్టారూ. మా ఆవిడని మట్టి చేసిన ఖబరు అక్కడే కదండీ” అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. “రెండు నిమిషాలే కదండీ, కళ్ళు మూసుకుంటే అయిపోతాయి” అన్నాను.

“ఆయన అడిగాడని రెండు నిమిషాలిస్తే, మిగతా ఖుత్బా అంతా ఆయన నాకిచ్చినట్టవుతుందండి.”

పోనీ, చుట్టపు చూపుగానైనా రమ్మన్నాను. తానొస్తే నలుగురూ మూగుతారని, ఉన్న ఇమాముకు ఇబ్బందవుతుందని ఒప్పుకోలేదు. గుమ్మం దాకా వచ్చి, “మా ఆవిడకి నా సలాం చెప్పండి” అన్నారు. ఆయన కళ్ళలోకి చూడలేకపోయాను.

తిరుగు ప్రయాణం మరో దారిన పెట్టుకున్నాను. పంటు మీద గోదావరి దాటితే అవతల సఖినేటిపల్లి. అక్కణ్ణుంచి రాజోలు, రావులపాలెం మీదుగా బస్సులున్నాయి. వెళ్ళేవాళ్ళు ఓసారి ఇలా రండి, కొబ్బరితోటల మధ్య దారి చల్లగా ఉంటుంది. ఆ రోజు నాకు మాత్రం ఏదీ కంటికి ఆనలేదు. రావులపాలెంలో ఉండగా కమిటీ ప్రెసిడెంటు ఫోన్ చేశాడు. మౌల్వీ గారు రారని చెప్పాను. ఆయన మనసు మార్చే మాటేదీ నా దగ్గర లేదనీ చెప్పాను.

రాజమండ్రిలో దిగేసరికి ఇంకా పొద్దుంది. ఇంటికి వెళ్ళకుండా ఖబరస్తాను దారి పట్టాను. ఆవిడ ఖబరు దగ్గర ఫాతిహా చదివి, ఆయన సలాం అప్పజెప్పాను. ఆయన ఎందుకు రాలేదో చెబుదామనుకుని ఊరుకున్నాను. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి, ఆవిడకి తెలియదా? తెలిసీ బెంగ తీరనిది నాకే.