మెదడు దానానికి మా ఆవిడ సంతకం

ఆ మధ్య ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి కాఫీ తాగుతుంటే, పట్నంలో నర్సుగా పనిచేసే మా అమ్మాయి సంచిలోంచి ఒక ఫారం తీసి నా ముందు పెట్టింది. నేను పోయాక నా మెదడును, తలకు దెబ్బ తగిలినవాళ్ళ గురించి పరిశోధన చేసే డాక్టర్లకు ఇవ్వడానికి నేనే అడిగి తెప్పించుకున్న ఫారం అది. నా సంతకం నిమిషంలో అయిపోయింది. ఇంటివాళ్ళు కూడా ఒప్పుకుంటున్నట్టు కింద మా ఆవిడ సంతకం కావాలి. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అక్షరం వదలకుండా చదివి, మడతపెట్టి బైబిల్లో పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇక మొదలయ్యాయి నా తిప్పలు.

ఈ సంగతి నా ఈడువాళ్ళకే చెప్పాలి, ఇప్పటివాళ్ళు నమ్మరు. పెళ్ళయిన మూడో ఏడు, ముమ్మిడివరం దగ్గర ఒక తోటలో మా నాన్నగారితో కలిసి కొబ్బరి దింపుకి, అంటే చెట్లెక్కి కాయలు కోసే పనికి, వెళ్ళాను. చెట్టు పైకంటా ఎక్కి, పచ్చి మట్ట పట్టుకోవలసినవాణ్ణి, ఏ ధ్యాసలో ఉన్నానో, ఎండు మట్ట పట్టుకున్నాను. అది ఊడొచ్చింది, దాంతోపాటు నేనూ వచ్చాను. కళ్ళు తెరిచేసరికి మొహాన నీళ్ళు కొడుతున్నారు. ఎక్కడా రక్తం చుక్క లేకపోవడంతో అందరూ దేవుడికి స్తోత్రం చెప్పుకున్నారు. పడ్డవాడు పొద్దు వాలేలోగా ఆ చెట్టే మళ్ళీ ఎక్కాలనీ, లేకపోతే భయం పట్టుకుని జన్మలో ఎక్కలేడనీ దింపువాళ్ళలో ఒక కట్టడి ఉండేది. నాన్నగారు నా కాళ్ళకు చెట్టెక్కే తాడు బంధం తగిలించారు. చెట్టు రెండుగా కనిపిస్తున్నా, వాటిలో ఒకదాన్ని నమ్ముకుని ఎక్కేశాను. ఆ సాయంత్రం నాన్నగారు నన్ను పొగిడిన పొగడ్త ఇంకా చెవుల్లో ఉంది. ఆయన ప్రేమతోనే చేశారు, అందుకే ఆయన మీద నాకు కోపం లేదు.

కోపమంతా మిగతా ప్రపంచం మీద వచ్చేది. అంతకుముందు నేను నెమ్మదస్తుణ్ణే. ఆ తరువాతే తలనొప్పులు, మతిమరుపు, ఉన్నట్టుండి ఒళ్ళు తెలియని ఆవేశం. ఒకసారి కూరలో ఉప్పు తగ్గిందని అన్నం గిన్నెతో సహా కాలువలో విసిరేశాను. మా ఆవిడ గెడకర్రతో గిన్నె లాగి, కడిగి, మళ్ళీ ఎసరు పెట్టింది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

మూడేళ్ళ కిందట తలకు స్కానింగు తీసిన డాక్టరుగారు పాత దెబ్బల గురించి అడిగి, నా కోపానికి చెట్టు మీంచి పడ్డ ఆ దెబ్బ కూడా ఒక కారణం కావచ్చన్నారు. కచ్చితంగా చెప్పాలంటే మనిషి పోయాక మెదడును పరీక్షించాలిట. అప్పటినుంచీ నాకు ఒకటే ఆరాటం. ఆ గిన్నె విసిరింది దెబ్బా, నేనా? నాకెలాగూ తెలియదు, కనీసం మా ఆవిడకైనా తెలియాలని.

నాలుగు రోజులు ఆవిడ ఆ ఊసే ఎత్తలేదు. సమాధిలోకి మనిషి నిండుగా వెళ్ళాలని బెంగేమో అనుకున్నాను. మెదడు తీసుకున్నాక శరీరాన్ని మనకే అప్పగిస్తారనీ, మొహం కూడా మారదనీ మా అమ్మాయి ఫోనులో నచ్చజెప్పింది. అదీ కాదని తేలాక, ఉండబట్టలేక నేనే అడిగేశాను.

"దెబ్బ వల్ల కాదు, మీ గుణమే అంతని వాళ్ళు తేలిస్తేనో?" అంది.

ఆవిడే ఫారం తీసి, కిటికీ దగ్గర కూర్చుని, నిదానంగా సంతకం పెట్టింది.

"వాళ్ళేం తేల్చినా నాకొకటేనండి. నేనెప్పుడో క్షమించేసేను. ఇంకో ఇల్లాలు నాలా పాట్లు పడకుండా ఉంటుందని పెడుతున్నాను, ఆయ్."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. ఆ రోజునుంచి హాయిగా నిద్రపడుతోంది.

ఇప్పుడు మా వైపు దింపువాళ్ళు కొందరు బెల్టు కట్టుకుని ఎక్కుతున్నారు. ఎవరైనా పడితే రక్తం వచ్చిందా అని చూసి ఊరుకోవడం లేదు, తెలివి తప్పిందా అని అడిగి వెంటనే ఆటోలో అమలాపురం ఆసుపత్రికి తీసుకుపోతున్నారు. చూస్తే సంతోషంగానే ఉంటుంది. ఆ ఒక్క ప్రశ్న ఆ రోజు తోటలో ఎవరికైనా తోచి ఉంటే, సాయంత్రం నా చెప్పుల చప్పుడు వినగానే మా పిల్లలు పెరట్లోకి పారిపోకుండా గుమ్మందాకా ఎదురొచ్చేవారేమో.