ఎర్రగడ్డల గది

ప్రసన్నకుమారి నీళ్లు తాగడం మానేసింది. ఉపవాసమూ కాదు, అలకా కాదు. లాక్‌డౌన్ వచ్చిపడింది, అంతే.

ఆలూరు దగ్గర ఆ ఊళ్లో ఆడవాళ్లు చీకటితో లేచి ఊరవతలి కంపచెట్ల చాటుకు పోయొచ్చేవాళ్లు. మళ్లీ పొద్దుగూకాకే. ఇప్పుడు బెంగళూరుకు కూలికి పోయిన మగవాళ్లంతా ఒక్కసారిగా తిరిగొచ్చారు. పనీపాటా లేదు. వేళాపాళా లేకుండా ఆ చెట్ల కిందే పేకాట. ఊరి మొదట్లో లాఠీ పట్టుకుని పోలీసు. కరోనా రాకుండా కంచె వేశారు, బాగానే ఉంది. ఆడవాళ్లు యాడికి పోతారని మాత్రం ఒక్క మగాడికీ తట్టలేదు. బయటికి పోయే దారి లేక వాళ్లు గొంతులు ఎండగట్టుకున్నారు. ఎండ నిప్పులు చెరుగుతుంటే ప్రసన్న పెదాలు తడుపుకుని ఊరుకునేది. టీవీలో ఏమో నీళ్లు బాగా తాగండని ఒకటే పోరు.

ఇంటి వెనక గవర్నమెంటు కట్టించిన మరుగుదొడ్డి లేకపోలేదు. కట్టిన నాటి నుంచి దాన్ని వాడుకున్న మనిషి లేడు. మొదట పత్తిగింజల సంచులు, తర్వాత మోటారు పైపులు, ఇప్పుడు ఉల్లిపంట, అదే ఎర్రగడ్డలు. కర్నూలు మార్కెట్టు మూతపడేసరికి మొగుడు వసంతకుమార్ గోతాలన్నీ తెచ్చి కప్పుదాకా పేర్చాడు. "గాలి బాగా ఆడతాది, కుళ్లవు" అని మురిసిపోయాడు కూడా.

ఒకరోజు ఆమెకు మంట మొదలైంది. ఆ వెనకే చలిజ్వరం. కరోనా అనుకుని ఇల్లంతా హడలిపోయింది. వసంతకుమార్ పోలీసును బతిమాలుకుని, బండి మీద ఆలూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు.

"కరోనా కాదు, మూత్రంలో ఇన్ఫెక్షన్" అంది నర్సమ్మ, మాత్రలు చేతిలో పెడుతూ. "నీళ్లు బాగా తాగమ్మా. ఇట్లే ఎండగట్టుకుంటే కిడ్నీలు పోతాయి."

"తాగితే యాడికి పోవల్ల మేడమ్?"

నర్సమ్మ ఆమె మొగుడి వైపు చూసింది. వసంతకుమార్ తల వంచుకుని తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

ఇంటికొచ్చాక అత్త విశ్వాసమ్మ మంచం పక్కన కూర్చుంది. "మేమంతా ఇట్ల బతకల్యా? ఓర్చుకోవల్ల మే" అంది. ప్రసన్న ఒళ్లు మండిపోయింది, ఈసారి జ్వరంతో కాదు.

చర్చి మూసేశారు కనక ఆదివారం ప్రార్థన ఇంట్లోనే జరిగింది. ఆమెన్ అనగానే ప్రసన్న లేచి, పెరట్లోకి పోయి, ఒక గోతం పట్టుకుని ఈడ్చుకొచ్చింది. తెచ్చి మొగుడి మంచం మీద కుమ్మరించింది.

"ఏమే, ఏం చేస్తాండావు?"

"ఫ్యాను కింద ఆరబోస్తాండా. ఈడ ఇంకా బాగా గాలాడతాది."

"నేను యాడ పండుకునేది?"

"కంపచెట్ల కింద పండుకో పో. శానా చల్లగా ఉంటాదంట కదా ఆడ."

గోడవతల జనం చేరారు. మాస్కులు గడ్డం కిందికి జారిపోయాయి. బంగారం లాంటి పంటను పాడు చేస్తోందని ఎవరో గొణిగారు. ప్రసన్న వినేసింది.

"ఎర్రగడ్డలకు గది కావల్లంటే దొరికె. నాకు కావల్లంటే ఓర్చుకోమంటారా? కుళ్లితే కుళ్లనీ. నేను మాత్రం కుళ్లను!"

గోడవతలి మాస్కులు మళ్లీ ముక్కుల మీదికి ఎక్కాయి. ఆమె ఒక్కో గోతమే ఈడ్చింది. జ్వరం ఇప్పుడిప్పుడే తగ్గిన ఒళ్లు. అయినా ఆగలేదు. చివరి గోతం మాత్రం కదలనని మొరాయించింది. అప్పుడు రెండో కొసను ఎవరో పట్టుకున్నారు. చూస్తే అత్త. ఇద్దరూ మోసుకొచ్చి వసారాలో పడేశారు. ఈలోగా వసంతకుమార్ బిందె తీసుకుని బోరింగు దగ్గరికి నడిచాడు. ఎవరూ చెప్పకుండానే అతను చేసిన మొదటి పని అది.

ప్రసన్న గది కడిగింది, గొళ్లెం సరిచూసింది. తర్వాత వాకిట్లోకి వచ్చి, మిట్టమధ్యాహ్నం, ఊరంతా చూస్తుండగా చెంబెత్తి గటగటా తాగింది. గడ్డం మీదుగా కారి రవికె తడిసినా దించలేదు.

విశ్వాసమ్మ ఆ చెంబు వైపే చూస్తూ నిలబడింది.

"నాకూ ఇట్ల తే మే" అంది చెయ్యి చాచి. "దప్పికైతాండాది. పెండ్లయినప్పటి నుంచి."