షాడోవాలే భయ్యా

ఆ అమ్మాయి మీద నాకున్నది అచ్చమైన అసూయ. దానికి ముసుగెందుకు?

నోయిడాలో మొబైల్ గేమ్‌లు తయారుచేసే ఆఫీసు మాది. మా గేమ్‌లో కాసే ఎండ, ఆ ఎండకు పడే నీడలు కొన్నేళ్లుగా నా పని. ఎక్కడ నీడ చెడినా, టెస్టింగ్ చూసే హర్యానా అతను తిన్నగా నా సీటు దగ్గరికొచ్చి, "షాడోవాలే భయ్యా, జరా దేఖ్‌నా" అనేవాడు, నీడలన్నయ్యా కాస్త చూడు అని. పైకి విసుక్కునేవాణ్ణిగానీ, ఆ పిలుపంటే నాకు ప్రాణం.

ఈ చలికాలం ఆ పిలుపుకే ఎసరొచ్చింది. చవక ఫోన్లలో గేమ్ నత్తనడక నడుస్తోంది. కారణం నా నీడలే. తెరమీద బొమ్మ మారిన ప్రతిసారీ ప్రతి మేడకూ, ప్రతి చెట్టుకూ ఫోన్ మళ్లీ మొదటినుంచి నీడ గీయాలి మరి. "శుక్రవారం క్లయింట్ చూసేలోపు తేలికపడకపోతే నీడలు మొత్తం తీసేద్దాం" అన్నాడు మేనేజర్. అని ఊరుకున్నాడా? కొత్తగా చేరిన ఆ అమ్మాయిని కూడా చూడమన్నాడు. తండ్రి ఆర్మీ కావడంతో ఢిల్లీ కంటోన్మెంట్‌లో పెరిగిన తెలుగు పిల్ల. తెలుగులో అడిగితే సగం హిందీలో చెబుతుంది.

"సర్, మేడలు కదలవు కదా? వాటి నీడ ఏక్ బార్ గీసి దాచుకుందాం. నడిచే మనుషులవే కొత్తగా గీద్దాం" అంది.

"మన గేమ్‌లో సూర్యుడు కదులుతాడమ్మా. దాచిన నీడ పాతబడిపోతుంది" అన్నాను, ఆ మాత్రం నాకు తెలియదా అన్నట్టు.

మధ్యాహ్నం టీకి దిగాం. ఆమె ఒక ఇటుకముక్క తీసుకుని మెట్రో స్తంభం నీడ అంచున గీత గీసింది. టీ తాగాక చూస్తే నీడ గీత దాటి జరిగింది.

"జరుగుతుంటే చూశారా సర్?"

చూడలేదు.

"ఫిర్? ఆడేవాడు మాత్రం ఎందుకు చూస్తాడు? కొన్ని సెకన్లకోసారి మార్చితే చాలు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ ట్యూబ్‌లైటు కింద కూర్చుని నీడలు చేశాను. బయటికొచ్చి ఒక్క నీడ వంక చూసిన పాపాన పోలేదు. ఈ పిల్లకేమో వచ్చీరాగానే తట్టింది! ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పుకుంటే, "మంచిదేగా, మీ పని తేలికైంది" అంది. ఆవిడ మీదా కోపమొచ్చింది.

గురువారానికి గేమ్ పరుగందుకుంది. కానీ నీడ మార్చిన ప్రతిసారీ అది తెరమీద చటుక్కున గెంతుతోంది. "ఝట్కా వస్తోంది సర్, ఏం చేసినా పోవట్లేదు" అంటూ నా దగ్గరికే వచ్చింది. మందు నాకు తెలుసు. పాత నీడనూ కొత్త నీడనూ కాసేపు రెండూ ఉంచి, ఒకదాన్ని మెల్లగా వెలిసిపోనిస్తూ రెండోదాన్ని పైకి తేవాలి. "చూద్దాంలే" అన్నాను. భోజనాల వేళదాకా నోరు విప్పలేదు. ఆమె ముఖం వాడిపోతుంటే, ఛీ, నాకు లోపల హాయిగా కూడా ఉంది. చివరికి, నీడలే లేకుండా పోవడం కంటే ఆమెకు పేరు రావడం నయమనిపించి చెప్పాను.

శుక్రవారం క్లయింట్ సరేనన్నాడు. నీడలు నిలిచాయి. మేనేజర్ అందరి ముందూ ఆమెను మెచ్చుకున్నాడు. "ఝట్కావాలా ఫిక్స్ సర్ నే బతాయా థా" అంటూ, ఆ గెంతు పోగొట్టే ఉపాయం నాదేనని ఆమె నన్ను చూపించింది.

"దేఖో, కిత్నీ మోడెస్ట్ హై!" అని ఆమె అణకువకు మురిసిపోతూ మేనేజర్ ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఆ పిల్ల నా పేరు మింగేసి ఉంటే, తిట్టుకోవడానికైనా వీలుండేది.

సోమవారం టెస్టింగ్ అతను నా సీటు వైపు వస్తూ కనిపించాడు. గబగబా హెడ్‌ఫోన్స్ తీసి, విసుగు ముఖం పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నాను.

"భయ్యా, షాడోవాలీ దీదీ కహాఁ బైఠ్‌తీ హై?"

ఆ అమ్మాయి సీటు వైపు చెయ్యెత్తి చూపించాను.