పచ్చని అరార్ చెట్టు

పచ్చని చెట్టు నరకనన్నందుకు ఒక మనిషిని దేశం నుంచే వెళ్లగొట్టారు. కాగితం మీద మాత్రం, స్థానికులకే కొలువులన్న నితాఖాత్ చట్టం వల్ల తీసేశామని రాశారు. సిగ్గుమాలిన అబద్ధం!

ఇంటికి విమానం ఎక్కడానికి దమ్మామ్ బస్సులో నా పక్కన కూర్చున్న జగిత్యాల మేస్త్రీయే ఆ మనిషి. తాయిఫ్ కొండ మట్టిని వేళ్లతో పట్టుకుని వందల ఏళ్లుగా నిలిచిన అరార్ చెట్టట అది. కొండవాళ్లు ఇంటి దూలానికైనా ఎండినదే కొడతారట. అతన్ని పనిలో పెట్టుకున్న కఫీల్‌కేమో అక్కడ కార్లు నిలపడానికి జాగా కావాలి.

నాకు ఒళ్లు మండింది. "నువ్వు కాకపోతే ఇంకొకడు నరుకుతాడు. నౌకరీ పోగొట్టుకుని ఏం సాధించావయ్యా?" అని అతని మీదే అరిచాను.

అతను దమ్మామ్‌లో దిగేటప్పుడు అన్నాడు:

"నరికేటోడు నరుకుతడు కాకా. మూడేండ్లు దాని నీడల కూసోని సద్ది తిన్న. నేనెట్ల నరుకుత?"