ఏ పుట్టింటికి?

ఒమన్‌లోని దుక్మ్‌లో మా కంపెనీ క్లినిక్ అంటే రెండు పోర్టా కేబిన్లు, ఒక అంబులెన్సు, నర్సుగా నేను. పక్క క్యాంపు చైనా వాళ్లది. వాళ్లలో ఎవరికి జ్వరమొచ్చినా, వేలు నలిగినా వెంట ఒకావిడ వచ్చేది. ఆవిడ వాళ్ల దుబాసీ. వాళ్ల నొప్పిని నాకు ఇంగ్లీషులో చెప్పి, నా మాత్రల సంగతి వాళ్లకు వాళ్ల భాషలో చెప్పేది. కట్టు కడుతూ ఊరుకోవడం నాకు చేతకాదు. తోడబుట్టినవాళ్లెంతమంది అని అడుగుతాను. ఆ కుర్రాళ్లలో చాలామంది ఒక వేలు చూపించి, దాన్నే తమ గుండె మీద పెట్టుకునేవారు. ఆరుగురు అక్కచెల్లెళ్ల మధ్య ఒక దుప్పటి కోసం కొట్టుకుని పెరిగినదాన్ని, నాకది వింతగా ఉండేది.

వాళ్ల దేశంలో ఇంటికి ఒక్క బిడ్డే అన్న రూలు ఎత్తేసిన కొత్తల్లో, మా అంబులెన్సు డ్రైవరు, జగిత్యాల వైపు మనిషి, తలుపు దగ్గర్నుంచే చెప్పాడు.

"సిస్టరమ్మా, చీనామె ఒచ్చింది. ఎంబడి ఎవ్వలు లేరు. ఆమెకే బాలేనట్టున్నది."

పరీక్ష చేశాను. కడుపుతో ఉంది. ఇంటి దగ్గర ఒక కూతురుందని నాకు తెలుసు. "ఇప్పుడు ఇద్దరిని కనొచ్చుగా, ఇంకేం భయం" అన్నాను. ఆవిడ నవ్వింది. నాకు చనువొచ్చి, మా భీమవరం వైపు ఏ ఆడమనిషైనా అడిగే మాటే అడిగేశాను.

"పురిటికి అమ్మగారింటికేనా?"

నవ్వు ఆగిపోయింది. "ఏ అమ్మ ఇంటికి సిస్టర్?" అంది.

నేను గతుక్కుమన్నాను. సవతితల్లి గొడవేమో అనుకున్నాను. కాదట. వాళ్ల అమ్మకు మొదట కొడుకు పుట్టాడు. తండ్రిది సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగం. రెండో కాన్పు సంగతి బయటపడితే ఆ ఉద్యోగం ఊడుతుంది. అందుకని వాళ్లమ్మ పల్లెటూళ్లో అక్క ఇంట్లో దాక్కుని ఈవిడను కని, అక్కకు పిల్లల్లేరు గనక అక్క బిడ్డగానే రాయించి వెళ్లిపోయింది. పెంచిన పెద్దమ్మను ఈవిడ అమ్మా అంది. కన్నతల్లిని పిన్నీ అంది. పెళ్లి ముందు పెద్దమ్మే నిజం చెప్పింది. కన్నతల్లి మాత్రం నోరు విప్పలేదు.

వాళ్లలోనూ పురిటికి తల్లే చేయాలి. నెల రోజులు చన్నీళ్లు ముట్టనివ్వకుండా, అల్లం వేసిన కోడి పులుసు తాగిస్తూ కూతుర్ని కనిపెట్టుకుని ఉండాలి. మొదటి కాన్పుకు అదంతా పెద్దమ్మే చేసింది. ఈసారి ఆ పిన్ని ఫోన్ చేసి, "నేను రానా?" అని అడిగిందట. సరేనంటే, పెంచిన బిడ్డను లాగేసుకుంటున్నారని పెద్దమ్మ కుమిలిపోతుంది. వద్దంటే పిన్ని ఇంకెప్పుడూ అడగదు.

"మాలో పెద్దమ్మా అమ్మే, పిన్నీ అమ్మే. ఇద్దర్నీ రమ్మను, సరిపోతుంది" అన్నాను, పెద్ద ఆరిందానిలా.

"మీ పిన్నికి ఆవిడ కూతుళ్లున్నారు సిస్టర్. మా పిన్నికున్న కూతురు నేనే" అంది.

ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. మా ఇంట్లో పెద్దక్క తప్ప మేమందరం మళ్లీ ఆడపిల్లేనా అన్న మాట పడ్డవాళ్లమే. అయినా ఎవరి కడుపున పుట్టామో దాచుకోవాల్సిన గతి మాకు పట్టలేదు.

నెలలు నిండకముందే ఆవిడ సెలవు పెట్టి బయల్దేరింది. మా అమ్మ పంపిన శొంఠి పొడిలో సగం పొట్లం కట్టి ఇచ్చాను. వాసన చూసి బ్యాగులో పెట్టుకుంది. "ఇద్దర్నీ రమ్మన్నాను. ఏమవుతుందో తెలియదు" అంది. ఆ రాత్రి ప్రార్థనలో ఆ ఇద్దరు ముసలమ్మల పేర్లు తెలియక, ఆ ఇద్దరూ అని చెప్పుకున్నాను.

పిల్లాడు పుట్టాక ఫోన్‌కి ఫొటో వచ్చింది. పెద్దమ్మ మంచం మీద పిల్లాణ్ణి ఎత్తుకుని కూర్చుంది. రెండో ఆవిడ గుమ్మం పక్కన, రెండు చేతులతో గిన్నె పట్టుకుని, పనికి కుదిరిన మనిషిలా నిలబడి ఉంది. నా ప్రాణం ఉసూరుమంది. ఆవిణ్ణి కూర్చోమను అని మెసేజ్ పెట్టాను. చెప్పాను, పొయ్యి మీద పులుసుంది అంటుంది అని జవాబొచ్చింది.

కొన్నాళ్లకు ఇంకో ఫొటో వచ్చింది. వంకరగా ఉంది, మూలకు ఎవరిదో వేలు అడ్డం పడింది. గిన్నె ఆవిడ మంచం మీద కూర్చుంది. ఒళ్లో పిల్లాడు. ఆవిడ మాత్రం వాణ్ణి చూడడం లేదు, పక్కన పడుకున్న కూతుర్ని చూస్తోంది.

కింద ఆ కూతురు ఇలా రాసింది: "ఎత్తుకున్నది మా అమ్మ. కూర్చోబెట్టి ఫొటో తీసింది మా అమ్మ."